ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు: మైకు దగ్గర కాదు, స్టోరు దగ్గర నోరు పెగిలింది (నా అనుభవం)

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో చేరితే స్టేజి భయం పోతుందని సీనియర్లు చెబుతారు. నిజమే గానీ, ముగింపు సభలో కాగితం చూసి స్వాగతం చదివితే పోయే భయం కాదది. యాభై మందికి మధ్యాహ్నం అన్నం చాలుతుందా అని లెక్క కట్టి, చాలదని తేలితే పొద్దున్నే ఆ మాట పీఓ (ప్రోగ్రాం ఆఫీసర్) సార్‌కి చెప్పగలిగిన వాళ్లే క్యాంపులో గట్టిపడతారు.

గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకమిది. ఏడాదికి 120 చొప్పున రెండేళ్లకు 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు, ఈ రెండూ ఉండాలి. గంటలు హాజరు వేయించుకుంటే నిండుతాయి. మనిషికి పని పడేది క్యాంపులోనే.

వీలైతే క్యాంపుకి ముందు ఊరు చూడటానికి వెళ్లే బృందంలో చేరండి. బడిలో ఎన్ని గదులిస్తారు, బోరు మోటారు పనిచేస్తుందా, స్నానాలెక్కడ, అమ్మాయిల గదికి లోపలి గడియ ఉందా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఇవన్నీ కళ్లతో చూసి రాసుకోవాలి. హెడ్మాస్టరు అనుమతి కాగితం మీద ఉండాలి. సర్పంచ్‌ని కలిసి అంతటితో వచ్చేస్తే క్యాంపు ఒక వర్గానిదైపోతుంది, రెండో వర్గం ఇళ్లలో సర్వేకి తలుపు తీయరు. అటువైపు పెద్దల్ని కూడా అదే రోజు పలకరించి రావాలి.

స్టోరు బాధ్యత ఎవరూ అడగరు. అందుకే అది సులువుగా దొరుకుతుంది. యాభై మందికి పూటకి 10 కిలోల బియ్యం, రెండున్నర కిలోల కందిపప్పు, ఉప్మాకైతే 4 కిలోల రవ్వ అనుకోండి. శ్రమదానం ఉన్న రోజు మధ్యాహ్నం బియ్యం మరో రెండు కిలోలు పెంచాలి. సరుకు తీసిన ప్రతిసారీ స్టాకు రిజిస్టరులో రాయాలి, రాత్రికి రాద్దామంటే లెక్క తేలదు. టౌను కొట్లో బిల్లు ఇస్తారు. ఊళ్లో కూరగాయలకి, కట్టెలకి బిల్లుండదు కాబట్టి పేరు, సరుకు, మొత్తం రాసిన వోచరు మీద అప్పటికప్పుడే సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. 5,000 రూపాయలు దాటిన రసీదుకి రెవెన్యూ స్టాంపు అతికించాలి. క్యాంపయ్యాక వోచర్లు పట్టుకుని ఊరంతా తిరిగే పని ఎవరికీ వద్దు.

శ్రమదానం పొద్దున 6:30కి మొదలై ఎండ ముదరకముందే ఆగాలి. పదిమంది జట్టుకి మూడు పారలు, ఒక గడ్డపార, ఆరు తట్టలు సరిపోతాయి. పనిముట్లు తక్కువైతే సగం మంది నిలబడి కబుర్లాడతారు, వాళ్లని చూసి మిగతావాళ్లు పార కింద పెడతారు. ‘శుభ్రం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఈ స్తంభం నుంచి ఆ చింతచెట్టు దాకా మీ జట్టుదని చూపించాలి. నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితుడికి పని చెప్పడమే అన్నిటికంటే కష్టం. కేకలేస్తే నవ్వుతాడు. ముందురోజు రాత్రే డ్యూటీ చార్టు గోడకి అంటించి, గిన్నెలు తోమే వరసలో మొదట మీ పేరు రాసుకోండి. ఆ తర్వాత వాదించేవాళ్లు తగ్గుతారు.

సర్వేకి పగలు వెళ్తే ఇళ్లకు తాళాలుంటాయి, జనం పొలాల్లోనో ఉపాధి హామీ పనిలోనో ఉంటారు. సాయంత్రం అయిదు తర్వాత జంటగా వెళ్లాలి, ఒకరు మాట్లాడితే ఒకరు రాయాలి. ‘మరుగుదొడ్డి ఉందా అమ్మా?’ అంటే ఉందనే అంటారు. వాడుతున్నారా అన్నది విడిగా అడగాలి. కొన్నిచోట్ల లోపల కట్టెలు పేర్చి ఉంటాయి. దానికి వెక్కిరింపుగా నవ్వకుండా, నీళ్లెక్కడ్నుంచి తెస్తున్నారని అడిగితే అసలు కారణం బయటపడుతుంది.

రాత్రి సమీక్ష మాత్రం ఎంత అలసిపోయినా మానకూడదు. జట్టు లీడరుకి రెండు నిమిషాలు: ఏం అనుకున్నాం, ఏం అయింది, రేపటికి ఏం కావాలి. పేర్లు పెట్టి తిట్టుకోవడాలు ఉండకూడదు. లీడరు రోజూ మారాలి, లేకపోతే మాటకారులిద్దరే ఏడు రోజులూ ఏలేస్తారు. అమ్మాయిల్ని ముగ్గులకీ ప్రార్థన గీతానికీ పరిమితం చేసే అలవాటు ఇంకా చాలా యూనిట్లలో ఉంది. సర్వే, నగదు పుస్తకం వాళ్ల చేతికిచ్చి చూడండి. తడబడేవాళ్లు కూడా రెండు నిమిషాల్లో చెప్పి తీరాలి, ఎందుకంటే రేపటి తట్టలు, బియ్యం ఆ మాట మీదే ఆధారపడతాయి.

చివరి రోజు పనిముట్లు, గిన్నెలు లెక్క చూసి అప్పగించి, గదులు కడిగించి, సర్వేని ఒక్క పేజీకి కుదించండి. దాన్ని పంచాయతీ కార్యదర్శికిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. వచ్చే ఏడాది క్యాంపుకి వెళ్లేవాళ్లు ఊళ్లోకి అడుగుపెట్టగానే అడగాల్సింది ఆ పేజీ గురించే.