పథ్యం మీది, నీళ్ళ చెంబు నాది

మాది పల్నాడు. మా ఊళ్ళో ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. కాన్పయిన ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, చివరగా 42వ రోజు వెళ్ళాలి. తొలి కాన్పు పుట్టింట్లో కదా, నేను వెళ్ళేసరికి మంచం మీద బాలింత పిల్ల, వంటింట్లో వాళ్ళమ్మ, అరుగు మీద అమ్మమ్మ ఉంటారు. నేను చెప్పింది పిల్ల బుద్ధిగా వింటుంది. కానీ ఏం తినాలో ఆ పిల్ల చేతిలో లేదు. అందుకని నేను ముందు అరుగు మీదే కూర్చుంటాను.

పథ్యమంతా తప్పని నేనెప్పుడూ అనను. శొంఠి పొడి, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, అన్నీ పెట్టుకోమంటాను. తలకి గుడ్డ, చెవుల్లో దూది ఉంటే ఉండనీ. వాటి మీద తగువు పడితే అసలు సంగతి చెవికెక్కదు. నా పోట్లాటంతా మంచినీళ్ళకీ, పప్పుకీ.

నీళ్ళు తాగితే పొట్ట దిగదని చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తారు. పాలిచ్చే మనిషికి దాహం ఎలా వేస్తుందో వాళ్ళకి తెలియనిది కాదు. నీళ్ళు చాలకపోతే మూత్రంలో మంట, మలబద్ధకం. కుట్లున్న పిల్ల ముక్కలేక ఏడుస్తుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఇంకో భయం. "చీము పప్పుతో పట్టదు అమ్మమ్మా, మురికితో పడుతుంది. పుండు మానాలంటే పప్పూ గుడ్డూ పడాల్సిందే" అంటాను. అంగన్‌వాడీ నుంచి వచ్చిన గుడ్లు ఎవరి కంచంలోకి పోతున్నాయో కూడా అడుగుతాను. మొహమాటపడితే ఈ పని జరగదు.

మూడో రోజు వెళ్తే చాలా ఇళ్ళలో ఒకటే మాట, "పాలు పడలేదమ్మా." ఆ పక్కనే డబ్బాపాల సీసా సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ నేను తొందరపడను. పాలు పట్టమని కూర్చుని చూస్తాను. బిడ్డ చనుమొన చివర మాత్రమే పట్టుకుని చప్పరిస్తూ ఉంటుంది. తల్లికి నొప్పి, బిడ్డకి ఆకలి. బిడ్డ ఒళ్ళంతా తల్లి వైపు తిప్పి, పొట్టకి పొట్ట ఆనించి, నోరు బాగా తెరిచాక చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేలా పట్టిస్తాను. గడ్డం రొమ్ముకి తగలాలి. అలా పడితే గుటకలు వినపడతాయి. అప్పుడు అమ్మమ్మ మొహం చూడాలి! మొదటి రోజుల్లో బిడ్డ కడుపు ఎంత చిన్నదో, చిక్కటి ముర్రుపాలు కొంచెమే అయినా ఎలా సరిపోతాయో అప్పుడు చెబితే నమ్ముతారు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రి కూడా పట్టాలి. మొదటి వారం దాటాక రోజుకి ఆరు సార్లు మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. ఆరు నెలలు వేరే ఏమీ వద్దు. ఎండాకాలమైనా నీళ్ళు పట్టకూడదు, తేనె నాకించకూడదు.

ఒక్క విషయంలో మాత్రం గొంతు పెంచుతాను. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బాయని స్నానంలో పిండుతారు. అది తల్లి ఒంట్లోని హార్మోన్ల వల్ల వచ్చే వాపు, దానంతటదే తగ్గిపోతుంది. పిండితే గడ్డ కట్టి చీము పడుతుంది. బొడ్డుకి పసుపూ ఆముదం కూడా వద్దు, పొడిగా ఉంచితే చాలు. తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం కూడా బిడ్డ ఊపిరికి మంచిది కాదు.

మాత్రల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియం రెండు, కాన్పు తర్వాత ఆరు నెలలు. రెండూ కలిపి మింగకూడదు. ఐరన్‌కి విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. ఇక రక్తస్రావానికి ప్యాడ్ బదులు గుడ్డలు వాడేవాళ్ళు వాటిని చీర కింద దాచి ఆరేస్తారు. ఎండలో ఆరేయమంటే సిగ్గు. ఎండ తగలని గుడ్డతో ఇన్‌ఫెక్షన్ వస్తే ఏ సిగ్గూ కాపాడదు.

రక్తం గంటకో ప్యాడ్ తడిసేంత పోతున్నా, జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా నాకు ఫోన్ చేసి ఎదురుచూడొద్దు, ముందు 108కి చేయండి. కాన్పయింది కదా, ఇంకేం బీపీ అనుకుంటారు. కాన్పు తర్వాత కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు.

బాలింత ఊరికే ఏడుస్తోందని, దిష్టి తగిలిందని అంటారు. మొదటి రెండు వారాలు అలా కళ్ళనీళ్ళు రావడం మామూలే, పగలు కాసేపు నిద్రపోనిస్తే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా బిడ్డని ఎత్తుకోబుద్ధి కావట్లేదంటే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇక 42వ రోజు. ఆ రోజు వాళ్ళమ్మని టీ పెట్టమంటాను. నాకు టీ తాగాలనేం ఉండదు, పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి. నెలసరి తిరిగి రాకముందే మళ్ళీ కడుపు రావచ్చని చాలామందికి తెలియదు. అలా రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ ఉంది, మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ ఉంది, పాలిచ్చేవాళ్ళు కూడా వేసుకోగల ఛాయ మాత్రలున్నాయి. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండు సార్లు, ఆ తర్వాత వారానికోసారి. "మరిచిపోతానేమో అక్కా" అంటే గోడ మీది క్యాలెండర్‌లో రోజులకి చుక్కలు పెట్టించి వస్తాను. ఆ చుక్కలేంటని అత్తగారు అడిగితే, బిడ్డ టీకాలని చెప్పుకుంటారట. చెప్పుకోనీ.