పడుగు చివర రెండు మీటర్లు: కొత్త డిజైన్‌కు చోటు ఎలా చేశానంటే

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించేవాళ్లను ఎవరినడిగినా ఒకటే మాట: కొత్త డిజైన్ చేయాలని ఉంది, తీరిక దొరకట్లేదు. నా లెక్కలో కొరత తీరికకు కాదు, ఖాళీ మగ్గానికి. తలుపేసుకుని గంటసేపు గీసినా, గీసింది నేసి చూసే చోటు లేకపోతే ఆ కాగితం సొరుగులోకి పోతుంది. రెండోసారి గీయబుద్ధి కాదు.

వారానికో పూట అని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం మా పనిలో నిలవదు. నూలు దిగుతుంది, శనివారం కూలీల బట్వాడా ఉంటుంది, పాత బాకీ కోసం ఫోన్లు చేయాలి. సెలవుల్లో చూద్దామన్నా కుదరదు. సద్దుల బతుకమ్మకో మేడారం జాతరకో మగ్గాలు ఆగినప్పుడు తీరిక నాకుంటుంది గానీ, మగ్గం మీద కూర్చునే మనిషి ఉండడు. అందుకే గడువును తేదీకి కాకుండా పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసే పోగులకు, కట్టేశాను.

మూడడుగుల వెడల్పు మగ్గం ఒకటి ఎంచుకున్నాను. ఆర్డరుకు 30 మీటర్ల పడుగు కావాలంటే దానికి 32 వేయిస్తాను. అంగుళానికి 8 పోగుల చొప్పున 36 అంగుళాలకు 288 పోగులు. అదనంగా పోయేది 576 మీటర్ల నూలు. నమూనాల కోసమే విడిగా పడుగు వేయించి, పోగులు అతికించే కూలీ ముందు ఇది ఖర్చే కాదు. ఆర్డరు దిగాక ఆ చివర నాది. ఆ రోజుకు గీసిన కాగితం సిద్ధంగా లేకపోతే మగ్గం ఖాళీగా ఉంటుంది, నేతన్న నా మొహం చూస్తాడు. ఇంతకు మించిన అలారం నాకు తెలియదు.

ముడులకు, నేయడానికి అందని మేరకు అడుగున్నర పోయినా అయిదడుగులు మిగులుతుంది. అందులో నాలుగడుగులు తీసుకుని, వెడల్పును మూడు భాగాలు చేస్తే అడుగు చదరం నమూనాలు పన్నెండు. పన్నెండు డిజైన్లు మాత్రం వేయకూడదు, ఏదీ తేలదు. డిజైన్ ఒకటే: మూడు నిలువు వరుసల్లో రంగులు మారాలి, నాలుగు అడ్డ వరుసల్లో బుటా (నేతలో వచ్చే పువ్వు లాంటి బొమ్మ) సైజు మారాలి. అప్పుడే నచ్చింది రంగా, కొలతా అని విడిగా తెలుస్తుంది.

గ్రాఫ్ కాగితం దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది గడి లెక్కలో. అంగుళానికి పడుగు పోగులు 8, పేకలు (అడ్డంగా నేసే పోగులు) 16 అనుకోండి. ఒక గడిని ఒక పోగు, ఒక పేకగా లెక్కిస్తే కాగితం మీది చతురస్రం మగ్గం మీద ఎత్తు సగానికి పడిపోతుంది. గడికి రెండు పేకలు వేయాలి. మీ మగ్గం మీద అంగుళం కొలిచి లెక్కపెట్టుకున్నాకే గీత మొదలుపెట్టండి.

ఇంటర్‌లాక్ నేతకు తన ఇష్టాయిష్టాలు తనకున్నాయి. రెండు రంగులు కలిసే చోట పేకలు ఒకదాన్నొకటి పెనవేసుకోకపోతే చీలిక పడుతుంది. పెనవేస్తే, ఒకే పోగు వెంట పొడుగ్గా సాగే నిలువు గీత గట్టులా లేస్తుంది. ఏటవాలు గీతలో కలిసే చోటు జరుగుతూ పోతుంది కాబట్టి ఆ బాధ లేదు. గుండ్రటివన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి. అందుకే కోటలోని కళా తోరణం చూసి గీసేటప్పుడు పైనున్న హంసల జోలికి పోను. అడ్డ పట్టీలు, వాటి మధ్య ఖాళీల కొలతలు తీసుకుంటాను. 1163 నాటి వేయి స్తంభాల గుడిలోనైనా, పాలంపేట రామప్పలోనైనా పొద్దున్నే వెళ్లాలి. వెలుగు ఏటవాలుగా పడితే రాతి మీది సన్నని చెక్కుడు కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం అంతా చదునే.

నమూనా నేసినన్ని రోజులూ కూలీ రోజు లెక్కన ఇవ్వాలి. చదరపు అడుగు లెక్కన ఇస్తే, కండెలు (పేక నూలు చుట్టినవి) ఎక్కువసార్లు మార్చాల్సిన చోట చేయి సహజంగానే తేలిక దారి వెతుకుతుంది. అతని తప్పేం లేదు. వేగంగా నేసేవాడి కన్నా ‘సేటూ, ఈ గీత ఈడ ఆగితే బాగుండదా?’ అని అడిగేవాడు ఈ పనికి మేలు.

రంగులకు మిగిలిపోయిన నూలు చిలపలు (చుట్టలు) వాడుకోవచ్చు, కానీ అద్దకం లెక్క రాసి ఉన్నవే. కిలో నూలుకు రంగు ఎన్ని గ్రాములు (2 శాతమంటే 20 గ్రాములు), ఉప్పెంత, సోడా ఎంత అన్నది చీటీ మీద లేకపోతే, నమూనా నచ్చి ఆర్డరొచ్చాక ఆ ఎరుపు మళ్లీ దొరకదు.

ఇక బుర్ర ఖాళీ చేసుకునే సంగతి. రోజంతా నా దగ్గరికొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ‘ఏ ఎరుపు?’ లాంటివే. ప్రతి రంగు నూలునూ వేలెడు పొడవున కట్టి, నంబరేసి అట్ట మీద తగిలిస్తే, ఆర్డరు చీటీలో నంబరు ఉంటే సరిపోతుంది. పన్ను పని కూడా తగ్గించుకోవచ్చు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకు 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చే 3బీ ఉంటాయి. ఏడాది టర్నోవర్ 5 కోట్ల లోపైతే క్యూఆర్ఎంపీ అనే పద్ధతికి మారవచ్చు: రిటర్న్ మూడు నెలలకోసారి, మొదటి రెండు నెలల పన్ను మాత్రం ఆ పై నెల 25 లోగా కట్టాలి.

మూడడుగుల మగ్గమే ఎందుకంటే, ఆరు బై తొమ్మిది అడుగుల ఆర్డరు దాని మీద పట్టదు. అర్జెంటు అంటూ వచ్చేవి ఎక్కువగా అవే, కాబట్టి ఈ మగ్గాన్ని ఎవరూ అడగరు.

తేలిన నమూనాను మూడు బై అయిదు సైజులో నేయించి దుకాణంలో వేలాడదీసే ముందు ఒకటి ఆలోచించాలి. వరంగల్ జంపఖానాలకు 2018లో వచ్చిన జీఐ (భౌగోళిక గుర్తింపు) కాపాడేది పేరును; మీ డిజైన్‌ను పక్క మగ్గం మీద దింపేస్తే అది అడ్డుపడదు. దానికి డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్ట్రేషన్ కావాలి: 10 ఏళ్లు, ఆపై ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. దరఖాస్తు మాత్రం డిజైన్‌ను బయటపెట్టక ముందే పడాలి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా బయటపెట్టినట్టే. సీజన్‌కొకటి మారే రంగుల మేళవింపులకు ఆ ఖర్చు దండగ. ఏళ్ల తరబడి నేయించాలనుకునే అంచుకో, నడిమి బుటాకో అయితేనే పెట్టండి.