కడుపుబ్బరం

"జర్మనీ దాకా వెళ్లి పేడ కలుపుతున్నావా?" అని అమ్మ ఫోనులో అడిగితే కాదని చెప్పలేకపోయాను. ఉత్తరాన నీడర్‌సాక్సెన్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం నడిపే బయోగ్యాస్ ప్లాంటులో నా ఉద్యోగం. చదివింది మెకానికల్ ఇంజనీరింగు. చేసేది రెండు పెద్ద కాంక్రీటు తొట్లకు వేళకు మేత వేయడం.

మేత అన్నది ఊరికే కాదు. ఆ తొట్టి ఆవు పొట్ట లాంటిదని మా యజమాని మొదటి రోజే చెప్పాడు. లోపల 40 డిగ్రీల వేడి, గాలి చొరబడని చీకటి, నెమ్మదిగా తిరిగే రెక్కలు. సూక్ష్మజీవులు మేతను ముందు ఆమ్లాలుగా విరగ్గొడతాయి, ఆ ఆమ్లాలను మరో జాతి జీవులు వాయువుగా మారుస్తాయి. అందులో సగానికి కాస్త ఎక్కువ మీథేన్, మిగిలినదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే. దాన్ని ఇంజనులో కాల్చి కరెంటు తీస్తాం. ఇంజను వేడికి కాగిన నీళ్లు గొట్టాల్లో ఊళ్లోని ఇళ్లను వెచ్చబరుస్తాయి.

పశువుల పేడ, మూత్రం కలిసిన చిక్కటి నీళ్లను ఇక్కడ గ్యుల్లె అంటారు. టన్ను గ్యుల్లె నుంచి సుమారు 25 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. పాతర వేసిన మొక్కజొన్న అయితే టన్నుకు 200 దాకా. పునరుత్పాదక విద్యుత్ చట్టం 2000లో వచ్చింది, 2004లో పంటల నుంచి తీసిన కరెంటుకు అదనపు ధర కలిపారు. ఇంకేముంది, ఎటు చూసినా మొక్కజొన్నే. చివరికి 2012లో కొత్త ప్లాంట్లలో మొక్కజొన్న 60 శాతం మించకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. పండించిన పంటను పులియబెట్టి కాల్చడం, కంచంలో మెతుకు వదిలితే తిట్లు తిన్న నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పాతర తెరిచినప్పుడు వచ్చే పుల్లటి వాసన మాత్రం ఇష్టం. అచ్చం తరవాణి కుండ మూత తీసినట్టుంటుంది.

రెండేళ్ల కిందట డిసెంబరులో ఒక శనివారం గ్యుల్లె పంపులో గడ్డి చుట్టుకుని అది ఆగిపోయింది. గ్యాస్ తగ్గి ఇంజను నీరసించడం మొదలుపెట్టింది. సెలవు రోజు యజమానిని లేపడం ఎందుకని, నా తెలివితో ధాన్యం పిండి రెండింతలు వేశాను. రాత్రి తొమ్మిదికి తొట్టికున్న గుండ్రటి అద్దంలోంచి టార్చి వేసి చూస్తే లోపల ద్రవం కనబడలేదు. పాలు పొంగినట్టు గోధుమరంగు నురగ అద్దం దాకా వచ్చేసింది. అది గ్యాస్ గొట్టంలోకి ఎక్కితే గొట్టం పూడుకుపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. చేతులు వణుకుతుండగా ఫోను చేశాను.

ఆయన చెప్పులతోనే పరుగెత్తుకొచ్చాడు, రెండు చేతుల్లో రెండు డబ్బాలు. ఆవనూనె అనుకున్నాను కానీ, ఇక్కడి పొలాల్లో పసుపు పచ్చగా పూసే దాని చుట్టమైన రేప్ నూనె అది. తిట్టలేదు. "ఆవుకు కడుపుబ్బరిస్తే నూనె పోస్తాం, దీనికీ అంతే" అన్నాడు. పోసిన కాసేపటికి అద్దం వెనక నురగ విరిగి, కిందికి జారడం కనిపించింది. ఆయన్ని పేరు పెట్టి, ఏకవచనంలో పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాదు. ఆ రాత్రయితే అసలు రాలేదు.

సోమవారం పరీక్షలో ఆమ్లాలు బాగా పెరిగాయని తేలింది. ఆమ్లాలు చేసే జీవులు పిండి చూడగానే ఎగబడతాయి, వాటిని వాయువుగా మార్చేవి నింపాదిగా పెరుగుతాయి. వాటి మధ్య తేడా వచ్చిందంటే ముందు నురగ, తర్వాత పులుపు, చివరికి గ్యాసే రాదు. మేత బాగా తగ్గించి, బాగుచేసిన పంపుతో గ్యుల్లె మాత్రమే పంపాం.

ఆ తర్వాతి ఆదివారం అమ్మకు ఇదంతా చెప్పాను. ఈసారి అమ్మ పేడ మాట ఎత్తలేదు. తాతయ్య ఎద్దు నోట్లో వెదురు గొట్టంతో వేరుశనగ నూనె పోసిన సంగతి చెప్పింది. తర్వాత కాస్త ఆగి, "నూనె సరే, లంఖణం పెట్టారా?" అని అడిగింది.

"మూడు రోజులు" అన్నాను.

"ఇంకో రోజు ఉంచాల్సింది."