మేళం కట్టించడానికి బొబ్బిలి దాకా

ఉదయం విశాఖలో రాయగడ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. ఒక చేతిసంచి, ఒక వీణ. వీణని పాత దుప్పట్లో చుట్టి రెండు చోట్ల చీరముక్కలతో కట్టాను. ఎదుటి సీట్లో పెద్దాయన సింహాచలం దాటేదాకా దానివంకే చూసి, ఇక ఉండబట్టలేక "ఏటమ్మా అది, పనసకాయా?" అన్నాడు. కాయ కాదు, కర్ర మాత్రం పనసదే అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, కానీ కాళ్ళు ముడుచుకుని దానికి చోటిచ్చాడు.

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరై ఎనిమిదేళ్ళు. మా ఆయన పోయి మూడేళ్ళు. ఈ వేసవిలోగా విశాఖ ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వచ్చేయమని మా అబ్బాయి పట్టుబట్టాడు. నేనూ సరేనన్నాను. గిన్నెలు పంచేశాను, మంచాలు అమ్మేశాను, చీరలు సగం ఇచ్చేశాను. వీణ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. "తెచ్చుకో అమ్మా, లిఫ్టు కొలిచాను, కాస్త ఏటవాలుగా పెడితే పడుతుంది" అన్నాడు వాడు. మంచి పిల్లాడు. కొలతలదాకా వెళ్ళాడు.

కానీ అది పలికే స్థితిలో లేదు. వీణ దండి మీద ఇరవైనాలుగు మెట్లుంటాయి. వాటిని నల్లటి మైనంలో కూర్చి, ఒక్కొక్కటీ స్వరస్థానానికి సరిపోయేలా చెవితో విని నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. ఏళ్ళ తరబడి అటక మీద, విశాఖ ఎండల్లో ఉండి నా వీణ మైనం కరిగి, మళ్ళీ గట్టిపడి, పగుళ్ళిచ్చింది. మెట్లు వంకరటింకరగా జారాయి, ఒకటి ఊడి దుప్పట్లోనే దొరికింది. మేళం కట్టించాలంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళాలి. మధ్యలో ఒక రాత్రి విజయనగరంలో వదిన దగ్గర.

కొత్తవలసలో అరకు లైను విడిపోయింది, కోరుకొండ వెళ్ళిపోయింది, ఇంకా ఏం మాట్లాడాలో అనుకుంటుండగానే విజయనగరం వచ్చేసింది.

వదిన నాకు నిజంగా వదిన కాదు. సంగీత కళాశాలలో చేరిన మొదటి వారంలో ఎందుకో ఒకరినొకరం అలా పిలుచుకోవడం మొదలుపెట్టాం. యాభై ఏళ్ళు దాటాక ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే వేరే ఎవర్నో పిలిచినట్టుంటుంది. "ఏటే వదినా, ఇలా అయిపోనావు!" అంది ప్లాట్‌ఫారం మీద. తనేదో బాగున్నట్టు. రెండు మోకాళ్ళకీ పట్టీలు. నవ్వు మాత్రం అదే. దుప్పటి మూటవంక ఒకసారి చూసింది, ఏమీ అడగలేదు. వీణ తెస్తున్నానని నేను ఫోన్లో చెప్పలేదు.

ఆటో మూడు లాంతర్ల కూడలి దగ్గరికి రాగానే ఆపించి, కూర్చున్నచోటునుంచే పైడితల్లమ్మకి దండం పెట్టుకుంది. సిరిమాను జాతర రోజున ఇక్కడ ఇసక వేస్తే రాలని జనం ఉంటారు, ఆ జనంలో ఒకసారి మేమిద్దరం తప్పిపోయి ఒకరికోసం ఒకరు ఏడ్చాం. పదిహేడేళ్ళ గుంటలం! కోట దగ్గర మళ్ళీ ఆటో ఆపించింది. "ఎల్లిపోతున్నావు కదే, ఓసారి చూసి పో" అంది.

కళాశాల వరండాలో నిలబడ్డాం. లోపల చిన్నపిల్లలు సరళీ వరసలు పాడుతున్నారు, రెండో కాలంలో ఒకడు వెనకబడిపోతున్నాడు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించడానికి రాజావారు 1919లో ఈ కళాశాల పెట్టారని మాకు చేరిన రోజే చెప్పారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారైతే విద్యార్థిగా చేరదామని వచ్చి, ఇరవైఆరేళ్ళకే వయొలిన్ ఆచార్యుడైపోయారు, 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాలయ్యారు. మా కాలానికి వాళ్ళెవరూ లేరు, కథలే ఉండేవి. ఘంటసాల గారు జోలె పట్టుకుని మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఈ ఊళ్ళోనే. ఆ వీధి మాదేనని ఇక్కడ ప్రతి వీధివాళ్ళూ చెబుతారు, వదినతో సహా. సుశీల గారిది సొంత ఊరే కాబట్టి ఆ గొడవ లేదు.

మా క్లాసులో నేను స్వరం తప్పకుండా వాయించేదాన్ని. వదిన వాయిస్తే పక్క గదిలో క్లాసు ఆగిపోయేది. తేడా అంతే. అది నాకు అప్పుడే తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం ఉద్యోగంలో చేరేదాకా పట్టింది.

వదిన ఇల్లు అయ్యకోనేరు గట్టుకి దగ్గర. కొడుకు దుబాయిలో, కోడలూ మనవరాలూ ఇక్కడ. రాత్రి ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. తినబోతుంటే మనవరాలు వచ్చి మూట విప్పమంది. విప్పాను. వదిన చెయ్యి కడుక్కుని వచ్చి కింద కూర్చుంది. తీగలు ముట్టుకోలేదు, మెట్లు చూడలేదు. వీణ బుర్ర, అదే కుండ, దాని కిందకి చెయ్యి పోనిచ్చి వేళ్ళతో వెతికింది.

"ఈ నొక్కు ఇంకా ఉందే" అంది.

అది ఆమె వీణ. 1978లో ఆమె పెళ్ళికి డబ్బు చాలక వాళ్ళ నాన్న అమ్మకానికి పెడితే, మా నాన్న ఎనిమిది వందలకి కొన్నాడు. బయటివాళ్ళకి పోకుండా నా దగ్గరే ఉంటుంది కదా అని నేను సంతోషించాను. అలా అనుకోవడం ఎంత సులువో! ఆ ఏడే నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. సాలూరు, పాలకొండ, అనకాపల్లి, ఎక్కడికి బదిలీ అయినా వీణ వెంట వచ్చేది, అటకెక్కేది. ఇన్నేళ్ళలో వదిన నా ఇంటికి నాలుగైదు సార్లు వచ్చింది. ఒక్కసారి కూడా అది ఎక్కడుందని అడగలేదు. నేనూ చూపించలేదు.

"నువ్వు అడిగుంటే ఇచ్చేసేదాన్ని వదినా" అన్నాను.

"ఇచ్చినా మా అత్తారింట్లో ఎక్కడ పెట్టుకుందును? వడ్ల బస్తాలకే చోటు చాల్లేదు" అంది. తర్వాత "తినవే, కూర సల్లారిపోతాది" అంది. మనవరాలు ఊడిన మెట్టుని వేలికి ఉంగరంలా పెట్టుకోబోతే లాక్కుని నా సంచిలో వేసింది.

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు వీణని వెనక సీటు మీద పడుకోబెట్టించాడు, టిక్కెట్టు అడగలేదు. గజపతినగరం దాటాక పచ్చటి చేలు, జీడిమామిడి తోటలు, దూరంగా కొండలు. బొబ్బిలి వాళ్ళూ విజయనగరం వాళ్ళూ 1757లో కొట్టుకు చచ్చారు కదా, మరి వీళ్ళ వీణ వాళ్ళెలా వాయించారే అని వదిన అనుమానం. రామభద్రపురం దాకా అదే మాట.

గొల్లపల్లిలో వీధిలోకి అడుగుపెట్టగానే పనస చెక్క వాసన. ఒక అరుగు మీద పొడవాటి దుంగని బాడిసతో తొలుస్తున్నారు. కుండా దండీ విడివిడిగా చేసి అతకరు, ఒకే మానులోంచి తీస్తారు. ఏకాండి వీణ అంటే అదే. పక్కన బహుమతులకిచ్చే బుల్లి వీణలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఈ మధ్య ఇవే ఎక్కువ పోతున్నాయట. ఆ మాట చెప్పినాయన చేతిలో మాత్రం పెద్ద వీణ చివరకి చెక్కుతున్న యాళి తల, అదే సింహంలాంటి మృగం తల, ఉంది.

మా వీణని ఒళ్ళో పెట్టుకుని, మైనం గోటితో గీకి చూసి, కుండ మీద వేలితో కొట్టి విన్నాడు. "కర్ర బంగారంలా ఉందమ్మా. మైనం అంతా తీసేసి కొత్తగా కట్టాలి. ఏ శృతికి కట్టమంటారు?"

నేను నాలుగు అనబోయాను. నాకు అలవాటైన శృతి అదే.

"మూడు" అంది వదిన.

"వాయించేది ఎవరు?" అన్నాడాయన. ఇద్దరం మాట్లాడలేదు. ఆయన ఒక నిమిషం చూసి, గోడమీద సుద్దతో మూడు అని రాసుకున్నాడు. పని అయ్యేసరికి పది రోజులు పడుతుందన్నాడు, అయ్యాక కబురు చేయడానికి ఫోన్ నంబరు అడిగాడు. వదిన నంబరు చెప్పాను. నా ఫోన్లో చూసి, ఒక్కో అంకె చదివి చెప్పాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. గజపతినగరం దాకా ఒక్క మాట లేదు. కుడిచేతి చూపుడువేలు మోకాలిపట్టీ మీద ఏదో తాళం వేస్తూ ఉంది. విజయనగరం శివార్లలోకి వచ్చాక, నావైపు తిరక్కుండానే, "మీ వాడు లిఫ్టు కొలిసేడన్నావు గదే?" అంది.

"కొలిచాడు వదినా. పట్టదట" అన్నాను.