గొంగడి కప్పుకున్న మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

పూటకూళ్ల ఇంటికి గోడలు, కప్పు అయిపోయాయి. ఇక మనుషుల వంతు. కొత్తగా చదివేవాళ్ల కోసం: ఇది హనుమకొండలో మా గ్యాంగ్ ఆదివారాలు ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌కు చిన్న బొమ్మల సెట్టు. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట అది. మోటుపల్లి రేవు నుంచి గుర్రాలతో ఓరుగల్లుకు వస్తున్న నలుగురు బాటసారులు రాత్రికి ఒక పూటకూళ్లమ్మ ఇంట్లో దిగుతారు. అక్కడ గొంగడి కప్పుకున్న, ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో వాళ్లలో ఒకడిని పేరు పెట్టి పిలుస్తాడు. కాలం కాకతీయులదే, కాకపోతే మంత్రాలు పనిచేస్తాయి.

స్కేలు 1:32. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి 54 మి.మీ. వస్తాడు. దర్వాజ మాత్రం 48కే కోశాను. ఎంతటివాడైనా తల వంచే లోపలికి రావాలి.

గోడలకు 5 మి.మీ. సన్‌బోర్డు (పీవీసీ ఫోమ్ షీటు). పైన పూత చేర్యాల బొమ్మలవాళ్ల దారిలో రంపపు పొట్టు, చింతగింజల జిగురు. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, సన్నమంట మీద జావలా ఉడికించాలి. సన్‌బోర్డు నున్నన, ముందు గరుకు కాగితంతో రుద్దకపోతే పూత పెళ్లలుగా ఊడుతుంది. మందంగా పూస్తే పగుళ్లొస్తాయి, మట్టిగోడకు అదీ మంచిదే. కింద జాజు పట్టీ, పైన సున్నం రంగు. కప్పు కొరియర్ డబ్బా అట్టే: పై కాగితం తడిపి లాగేస్తే లోపలి మడతలు గూనపెంకుల వరుసల్లా తేలతాయి.

అసలు చిక్కు ఆ మనిషితోనే. ఇలాంటి సీన్లలో అపరిచితుడు మూల బల్ల దగ్గర కూర్చుంటాడు. మన దగ్గర బల్లేది? అందరూ కింద పంక్తిలో కూర్చునేవాళ్లే, పక్కవాడి మోచేయి తగులుతుంటే రహస్యం ఎక్కడ నిలుస్తుంది? అందుకే అతన్ని బయట అరుగు మీద పెట్టి, లోపల పంక్తిలో ఐదో ఇస్తారి వేసి వదిలేశాను. గొంగడికి టిష్యూ పేపర్, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్. ఆరాక నల్లరంగు, అంచుల మీద పొడి బ్రష్‌తో కాస్త బూడిద రంగు. మొహం చెక్కలేదు, కొంగు కిందికి లాగేశాను.

ఇస్తార్లు ఎండిన మోదుగాకుతోనే, 9 మి.మీ. గుండ్రాలు. వడ్డన ఓరుగల్లు మీద రాసిన పాత పద్యనాటకం 'క్రీడాభిరామం' చూసి పెట్టాను. అందులో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు! పప్పు పసుపు చుక్క, నెయ్యికి గోళ్ల పాలిష్ మెరుపు. నంజుళ్ల జోలికి పోలేదు, కళ్లు పోతాయి.

దీపానికి 3 మి.మీ. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ, 5 వోల్టులకు 220 ఓమ్‌ల రెసిస్టర్. పవర్‌బ్యాంకు వద్దు. ఇంత తక్కువ కరెంటుకు చాలావాటికి ఏమీ తగిలించలేదనిపించి ఆగిపోతాయి. పాత ఫోన్ చార్జర్ చాలు. వెలుగు కడప దాటకుండా బల్బు చుట్టూ నల్ల టేపు చుట్టాను.

సెట్టు టేబుల్ మీద పెట్టగానే మావాడొకడు, "అన్నా, ఆ ఖాళీ ఇస్తారి ఎవరిది?" అన్నాడు. గొంగడి మనిషిని ఇంకా ఎవరూ చూడనేలేదు. నేను వడ్డిస్తూ పోయాను.

తర్వాత ఎడ్లబండి. చక్రం 46 మి.మీ., ఆకులకు, అంటే చువ్వలకు, చీపురుపుల్లలు. ఇరుసుకు ఏం వాడితే తిరుగుతుందో ఎవరైనా చెప్పండి.