నైట్ డ్యూటీ దిగినవాళ్లకు ఓ గది

నర్సింగ్ పిల్లలు ఆసుపత్రిలో రక్తం చూసి భయపడతారని బయటివాళ్లు అనుకుంటారు. ఒకే నర్సింగ్ స్కూల్లో చదువుకున్న మనం రక్తానికీ చీముకూ తొందరగానే అలవాటుపడ్డాం. అసలు టెన్షనంతా ఏ పేషెంటుకు ఏ సేవ చేయాలో రాత్రికి రాత్రి రాయాల్సిన కేర్ ప్లాన్లతో, ఇన్‌చార్జ్ సిస్టర్ల గొంతుతో. "ఇన్నాళ్లయినా ట్రే సర్దడం రాలేదా?" అని పేషెంటు ముందే నిలదీస్తే, ఆ పిల్ల చేత ఇంజెక్షన్ ఎవరు వేయించుకుంటారు? "పెద్ద సిస్టర్‌ని పిలవమ్మా" అంటారు. దానికి మళ్లీ తిట్లు. ఆ తిట్లే మనల్ని గట్టిపరిచాయని మన బ్యాచ్‌వాళ్లే కొందరు మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు పని నేర్పింది మాత్రం స్టెరైల్ సామాను తీసే పట్టకారు, చీటిల్ ఫోర్సెప్స్, ఎలా పట్టుకోవాలో పక్కన నిలబడి చూపించిన సీనియర్ అక్కలు.

లేబర్ రూమ్‌ది ఇంకో గొడవ. ప్రాక్టికల్ బుక్‌లో 20 కాన్పులకు సంతకాలు పడాలి. ఆ బల్ల చుట్టూనే హౌస్ సర్జన్లు, వేరే స్కూళ్ల పిల్లలు. నొప్పులతో ఓ తల్లి లోపలికి వస్తుంటే "ఈ కేసు ఎవరికి?" అన్న గుసగుసలే ముందు వినిపించేవి.

మెడికల్ వార్డులో మొదటిసారి చనిపోయిన మనిషిని సిద్ధం చేయడం ఎవరూ మరిచిపోయి ఉండరు. ముక్కులో, చెవుల్లో దూది పెట్టాలి. గడ్డం కిందినుంచి తలమీదికి బ్యాండేజి కట్టాలి. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టి, పేరూ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరూ రాసిన చీటీ తగిలించాలి. పుస్తకంలో ఇదంతా చిన్న పాఠం. చేతులింకా వెచ్చగానే ఉంటాయని అందులో లేదు. అది అయ్యీ అవగానే పక్క మంచాలవాళ్లకు టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చూడాలి. మా వార్డు ఆయమ్మ నా చేతిలోంచి థర్మామీటర్ల ట్రే లాక్కుని, "మొహం కడుక్కుని రాపో తల్లీ, ఇవి తుడిచిపెడతా" అంది. కౌన్సెలింగ్ అనే మాట అప్పటికి మనకు పరీక్షలో రాసే జవాబు మాత్రమే.

దాన్ని నిజంగా చూసింది సైకియాట్రీ పోస్టింగ్‌కి విశాఖ వెళ్లినప్పుడు, చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో. అక్కడ ప్రాసెస్ రికార్డింగ్ రాయించేవారు గుర్తుందా? పేషెంటు ఏమన్నారు, మనమేమన్నాం, అప్పుడు మనసులో ఏమనిపించింది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. రాత్రిళ్లు బసలో దాన్నే ఆటగా మార్చేశాం. ఒకళ్లు పేషెంటు, ఒకళ్లు నర్సు. "ఇన్‌చార్జ్ ఏమన్నారు? నువ్వేమన్నావు? నీకేమనిపించింది?" నవ్వుతూనే మొదలయ్యేది. మూడో ప్రశ్న దగ్గర ఎవరో ఒకరు బావురుమనేవాళ్లు. కోర్సు వదిలేద్దామని పెట్టె సర్దుకున్న మన బ్యాచ్‌మేట్ ఒకామె ఆ ఆటలోనే మనసు మార్చుకుంది. ఇప్పుడు ఐసీయూలో ఇన్‌చార్జ్. ఆవిడ ఎవరినీ పేషెంటు ముందు తిట్టదు, డ్యూటీ రూమ్‌లోకి పిలిచి మరీ తిడుతుంది!

నేనూ ఇప్పుడు వార్డుల్లో పిల్లలకు పని నేర్పే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌నే. వార్డులో ఎవరైనా పోతే, ఆ మనిషిని సిద్ధం చేసిన పిల్లలను టీ తాగించి కాసేపు మాట్లాడించాకే మళ్లీ డ్యూటీకి పంపుతాను. గారాబం అంటారు కొందరు. అననివ్వండి.

మన జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సు మూడున్నరేళ్లు. ఆ తర్వాత మూడేళ్లు చేశారు. నైట్ దిగి, నిద్ర లేకుండా క్లాసులో కూర్చుని జోగే పిల్లలు మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తున్నారు. పగలు హాస్టల్లో పడుకుందామన్నా బకెట్ల మోత, ఫోన్ల మోత. ఈసారి మన పూర్వ విద్యార్థుల సంఘం డబ్బుతో స్కూలు గేటు దగ్గర ఆర్చి కట్టిద్దామంటున్నారట. ఆర్చి తర్వాత చూద్దాం. నైట్ చేసినవాళ్లకు మందపాటి కర్టెన్లూ ఫ్యాన్లూ ఉన్న ఒక గది ఇద్దాం, ఆ మర్నాడు ఉదయం క్లాసులు పెట్టొద్దని ప్రిన్సిపల్ మేడమ్‌ని అడుగుదాం. నా వంతు చందా ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాను.