సిబిల్ ఖరాబైందా? స్కోరు పక్కకు పెట్టి రిపోర్టు సదువుండ్రి

మా సెంటర్‌కు వచ్చేటోళ్లందరిదీ ఒక్కటే ముచ్చట. "తమ్మీ, నా సిబిల్ ఎంతుందో జర చూడు." సిబిల్ అంటే మన అప్పులు, కిస్తీల లెక్క రాసిపెట్టే కంపెనీ; ఆ లెక్కను బట్టి అదిచ్చే స్కోరును కూడ జనం సిబిల్ అనే అంటరు. 640 అని చెప్తే మొకం చిన్నగ చేసుకొని పోతరు. 750 అంటే చాయ్ తాపిస్తరు. రిపోర్టు మొత్తం ప్రింట్ తీసియ్యమని అడిగేటోళ్లు మాత్రం చానా తక్కువ. నన్నడిగితే ఆ మూడంకెల నెంబర్‌తోని మనకు పెద్దగ పనిలేదు. 300 నుంచి 900 దాకా మనం ఎక్కడున్నమో చెప్తది గని, ఎందుకున్నమో చెప్పది. అది లోపలి పేజీలల్ల ఉంటది.

పరకాలల నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుత. రాజీవ్ యువ వికాసం అనే సర్కారు స్కీం దరఖాస్తులప్పుడు "సిబిల్ చూస్తరంట" అనే మాట పాకింది, ఇగ అప్పటిసంది ఈ పని ఎక్కువైంది. ముందుగాల ఒకటి తెలుసుకోవాలె. సిబిల్ ఒక్కటే కాదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అని ఇంకో మూడు కంపెనీలున్నయి. పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీగ ఇయ్యాలని 2017 నుంచి నాలుగింటికీ రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. డబ్బులు కట్టే ప్లాన్లు కూడ కనిపిస్తయి, వాటి జోలికి పోవద్దు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతదనేది ఉత్త ముచ్చట. లోన్‌కు పెట్టుకున్నప్పుడు బ్యాంకోళ్లు తీసి చూస్తరు సూడు, లెక్కల పడేది అది. అట్ల ఎవరన్న తీస్తే మనకు మెసేజ్ రావాలె. మీరు ఏ లోన్‌కూ పెట్టుకోకుండనే అసొంటి మెసేజ్ వస్తే, మీ పేరు మీద ఇంకెవరో పెట్టుకున్నరేమో చూసుకోవాలె. డిలీట్ కొట్టేసి ఊకోవద్దు.

ఇప్పుడు మా దిక్కున్న అసలు తిప్పలు. మేడారం పుణ్యమా అని ఇంటింటికీ ఒక సమ్మక్క, ఒక సారక్క, ఒక సమ్మయ్య ఉంటరు. అయినవోలు మల్లన్న పేరు మీద అయిలయ్యలు, కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు. ఒక్క ఊర్లె, ఒక్క ఇంటిపేరుతోని ఇద్దరు ముగ్గురు దొరుకుతరు. పెద్దమనుషులకు పుట్టిన తేదీ తెల్వకపాయె, ఆధార్‌ల అందరికీ జనవరి ఒకటే పడ్డది. పేరొక్కటే, ఊరొక్కటే, తేదీ ఒక్కటే. ఇగ కంప్యూటర్ ఇద్దరినీ ఒక్కలనే అనుకుంటే దాని తప్పేముంది?

మా మేనత్తకు గట్లనే అయింది. బర్ల లోన్‌కు పోతే బ్యాంకుల "నీకు బాకీ ఉన్నదమ్మా" అన్నరు. ఆమె జిందగీల సంఘం అప్పు తప్ప ఇంకోటి తీసుకోలే, అది కూడ ఒక్క కిస్తీ తప్పలే. రిపోర్టు ప్రింట్ తీసిన. మొదటి పేజీల పేరు, పాన్, అడ్రసులు, ఫోన్ నెంబర్లు ఉంటయి. ఈ పేజీని అందరూ తిప్పేస్తరు, దొంగ దొరికేది మాత్రం ఇక్కడనే. ఆమె నెంబర్ కింద ఇంట్ల ఎవరికీ తెల్వని ఇంకో నెంబర్. అడ్రసుల ఊరు మనదే, ఇంటి నెంబర్ మాత్రం పక్క వాడకట్టుది. లోపల ఒక ఫైనాన్స్ కంపెనీ గ్రూపు లోన్, నలభై వేలు. దాని కింద నెలనెలా గడులు: 000, 000, 028, 059, 089. కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ గడుల రాస్తరు. 000 అంటే టైంకు కట్టినట్టు. ఎస్‌టీడీ (స్టాండర్డ్) అని ఉన్నా భయం లేదు. ఎక్స్ఎక్స్ఎక్స్ అంటే ఆ నెల లెక్క వాళ్లు పంపలేదు, అంతే. 089 అంటే మూడు నెలల దగ్గరికొచ్చింది. ఆ అప్పు అదే పేరున్న ఇంకో ఆమెది. పాపం, ఆమెకు కూడ ఈ సంగతి తెల్వది.

రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌ల ఆ ఖాతా కాడనే డిస్ప్యూట్, అంటే ఇది తప్పని ఫిర్యాదు, పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. రిపోర్టు కంపెనీ దానంతటది ఏం మార్చది, అప్పిచ్చినోళ్లను అడిగి వాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తది. అందుకని ఫైనాన్స్ ఆఫీసుకు కూడ ఒక కాయితం రాసి, రెండో కాపీ మీద ముద్ర ఏయించుకోవాలె. ముద్ర లేని కాయితం ఇచ్చినా ఒకటే, ఇయ్యకున్నా ఒకటే. మేం పోతే అక్కడ "హెడ్డాఫీసోళ్లు చూసుకుంటరు" అని పంపిచ్చిన్రు. చూసుకోనియ్, గని రోజుల లెక్క నడుస్తనే ఉంటది. 2023 అక్టోబర్‌ల రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆర్డర్ ప్రకారం ఫిర్యాదు 30 రోజులల్ల తెగాలె. తెగకపోతే ఆపైన రోజుకు నూరు రూపాయలు మనకే కట్టాలె. అప్పిచ్చినోళ్లు 21 రోజులల్ల సరైన లెక్క పంపకపోతే ఆ పైసలు వాళ్ల మీద పడ్తయి, పంపినంక కూడ ఆలస్యమైతే రిపోర్టు కంపెనీ మీద. మా అత్తది నెల దాటినంకనే సాఫ్ అయింది. బ్యాంకు ఖాతా వివరాలిచ్చి అడిగితే దాటిన రోజుల పైసలు పడ్డయి. "స్కోరు ఇంత తక్కువెందుకు ఇచ్చిన్రు" అని కొట్లాడితే మాత్రం ఈ నూరు రాదు, తప్పు లెక్క చూపించాలె. 30 రోజులకు జవాబు రాకున్నా, వచ్చినా నచ్చకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు తేల్చే అధికారి, ఉన్నడు. ఆన్‌లైన్‌ల పెట్టొచ్చు, ఫీజు లేదు. ఫోన్ చేసి అడగాల్నంటే 14448.

రిపోర్టుల తప్పు లేకున్నా లొల్లి పెట్టేవి ఇంకొన్ని ఉన్నయి. రుణమాఫీ వస్తదని పంట రుణం రెన్యువల్ చేయకుండ ఆగినోళ్లు ఎంతమందో. మాఫీ అయ్యేదాక అది బాకీ కిందనే నడిచింది. 2024ల రెండు లక్షల దాక మాఫీ అయినోళ్లు ఇప్పుడన్న రిపోర్టు తీసి బ్యాలెన్స్ సున్నా పడ్డదా లేదా చూసుకోవాలె. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారన్న బ్యాంకులు లెక్కలు పంపాల్సిందే, అండ్ల పడలేదంటే అడిగే హక్కు మీది. బామ్మర్దికి జమానతు సంతకం పెట్టిన్రా? ఆయన కిస్తీ తప్పితే అది మీ రిపోర్టుల కూడ కనిపిస్తది. ఇంకోటి సెటిల్‌మెంట్. సగం కట్టి "అయిపోయింది" అనుకుంటరు, రిపోర్టుల "సెటిల్డ్" అని పడ్తది, "క్లోజ్డ్" అని కాదు. రెంటికీ బ్యాంకు కాడ చానా ఫరక్.

ఏనుమాముల మార్కెట్ల అడ్తి (కమీషన్ ఏజెంటు) కాడ అప్పు తెచ్చి, పత్తి అమ్మంగనే మిత్తితో సహా కట్టేటోళ్ల నిజాయితీ ఈ రిపోర్టుల ఎక్కడా కనిపియ్యది. వాళ్లకు స్కోరే ఉండది. స్కోరు ఇంత ఉండాల్నని రిజర్వు బ్యాంకు ఏం పెట్టలేదు. మొదటిసారి అప్పు అడిగేటోళ్లను పాత లెక్క లేదన్న ఒక్క కారణంతోని వెళ్లగొట్టొద్దని కేంద్రం 2025ల పార్లమెంటులనే చెప్పింది. బ్యాంకుల ఈ మాట అనుండ్రి, కనీసం ఇంకోసారి చూస్తరు.

కరెంటు స్తంభాలకు "సిబిల్ సాఫ్ చేస్తం" అని కాయితాలు అంటిస్తున్నరు సూడు, వాళ్లకు ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి. నిజంగ ఎగ్గొట్టిన బాకీని ఎవడూ తీసెయ్యలేడు. తప్పుగ పడ్డదాన్ని మీరే ఫ్రీగ తీయించుకోవచ్చు. పైంగ వాళ్ల చేతికి మీ పాన్, ఓటీపీ పోతయి, గది ఇంకా డేంజర్.

నా కాడికి వచ్చేటోళ్లు పాన్ కార్డు, లోన్‌కు ఇచ్చిన నెంబరున్న ఫోన్ తెచ్చుకోండ్రి. ఆ ఫోన్ హైదరాబాద్‌ల కొడుకు జేబుల ఉంటే, ముందుగాల ఆయనకు ఫోన్ చేసి డ్యూటీల ఉన్నడో లేడో కనుక్కోండ్రి. ఓటీపీ టైం అయిపోయినంక నన్ను తిడితే నేనేం చేయను.